కరెంటు పోయెరా, ఛీ

మారియో వీడియో గేమ్ పాటకి తెలుగులో లిరిక్స్ ఉన్నాయి, ఎవరికైనా తెలుసా? ఒక్క లైనే లెండి. రాసింది నేనూ మా తమ్ముడూ, 1996 ఎండాకాలం సెలవుల్లో, తణుకులో మా ఇంటి హాల్లో. గేమ్ మొదలవగానే టు టు టు, టు టు టూ, డుం అని ఏడు దెబ్బలు వస్తాయి చూడండి, దానికి "కరెంటు పోయెరా, ఛీ" అని పెట్టాం. పాడి చూడండి, అక్షరం అటూ ఇటూ పోదు. కాకపోతే చివరి ఛీ బాగా కిందికి దిగాలి, బొడ్డు దగ్గర్నించి రావాలి, అప్పుడే ఆ డుం పలుకుతుంది.

ఆ వీడియో గేమ్ నాన్న ఏదో పనిమీద బెజవాడ వెళ్ళి బీసెంట్ రోడ్డులో కొనుక్కొచ్చారు. అట్టపెట్టె మీద లక్షల్లో గేములని రాసుంది, పెట్టి చూస్తే ఇరవై, ఆ ఇరవయ్యే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తాయి. మారియో, కాంట్రా, ట్యాంకులది, బాతుల్ని కాల్చేది. టీవీ వెనక యాంటెన్నా వైరు పీకి దీనిది గుచ్చాలి, బొమ్మ నిలబడేదాకా ట్యూనింగ్ తిప్పాలి, క్యాసెట్ పట్టకపోతే తీసి ఫూ అని ఊదాలి, ఇదంతా అయ్యి ఓ గంట ఆడేసరికి అడాప్టర్ ఇస్త్రీపెట్టెలా కాలిపోయేది, అమ్మొచ్చి ఇంక చాలు ఆపండ్రా అనేది. అమ్మ ఆపకపోతే కరెంటోళ్ళు ఆపేవాళ్ళు. నాలుగో వరల్డ్‌లోకి వచ్చామా, టక్. టీవీ మధ్యలో తెల్ల చుక్క ఒకటి కాసేపు ఉండి అదీ పోయేది. సేవ్ లేదు గీవ్ లేదు, మళ్ళీ మొదట్నించే.

అప్పుడు మొదలయ్యేది మా అసలు ప్రోగ్రాం. చాపమీద వెల్లకిలా పడుకుని మిగిలిన ఆట నోటితో ఆడేవాళ్ళం. నేను పెద్దోణ్ణి కాబట్టి పాట నాది, వాడిది కింద డుగ్ డుగ్. వాడికప్పుడు ఏడేళ్ళు, నాకూ పాట కావాలని రోజూ గొడవ, నేను ఇస్తేగా. దాంతో వాడో ఉపాయం కనిపెట్టాడు. డుగ్ డుగ్ అంటూ అంటూనే మధ్యలో ఆపేసి "ట్లింగ్" అనేవాడు. కాయిన్ అన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయేది, వాడు డుగ్ డుగ్ ఆపేస్తే నా పాట కింద నేల లేనట్టు ఉండేది, నేనూ తడబడిపోయేవాణ్ణి. "నువ్వు డుగ్గే అనాలి, కాయిన్ అనకూడదు" అని వీపు మీద ఒక్కటిచ్చేవాణ్ణి. టైం వందలోపు పడిందంటే పాట స్పీడ్ అవుతుంది కదా, అదీ చేసేవాళ్ళం, ఇద్దరం గసపోసుకుంటూ ఎవడు ముందు ఊపిరి వదిలేస్తే వాడు చచ్చినట్టు. లోపల్నించి మా నానమ్మ "కరెంటు పోయినా ఆ పెట్టె నోరు మూయదేంట్రా" అనేది.

ఆ మరుసటేడు మస్కట్ నుంచి మావయ్య వచ్చినప్పుడు వాళ్ళబ్బాయికి గేమ్‌బాయ్ తెచ్చాడు. బూడిద రంగుది, ఇటుక అంత ఉండేది, నాలుగు పెన్సిల్ సెల్స్. అందులో టెట్రిస్, పైనుంచి పడే ముక్కల్ని సర్దే ఆట. అది చేతికొస్తే ఎవడూ ఇచ్చేవాడు కాదు, మిగతావాళ్ళం చుట్టూ కూర్చుని వినడమే. మా అత్తయ్య సాయంత్రాలు వీధిలో ఆడపిల్లలకి సంగీతం చెప్పేది, సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతాల దాకా. ఓ రోజు పిల్లలింకా రాలేదు, అత్తయ్య శృతిపెట్టె సర్దుకుంటోంది, సెల్స్ అయిపోయి గేమ్‌బాయ్ చచ్చిపోయింది, మేం అలవాటు ప్రకారం నోటితో అందుకున్నాం. అత్తయ్య రెండుసార్లు విని, మమ్మల్ని చెయ్యెత్తి ఆపి, తొడమీద తాళం వేసుకుంటూ పాడేసింది: ప రి గ మ గ రి, స స గ ప మ గ, రి గ మ ప, గ స స. "నటభైరవి స్వరాలేరా ఇవి, ఎవర్రా కట్టింది?" అంది. మేం ఏం చెప్తాం, "గేమ్ అత్తయ్యా, లోపల ఉంటుంది" అన్నాం. ఆవిడ గ మీద చిన్న కదలిక ఇచ్చింది, మ నుంచి జారి గ మీదికి వచ్చినట్టు. ఆ డబ్బాలో ఆ కదలిక లేదు. ఆరోజు నుంచి గేమ్‌బాయ్‌లో విన్నప్పుడల్లా అక్కడ ఏదో వెలితిగా అనిపించేది నాకు. ఇప్పటికీ అంతే.

ఎవర్రా కట్టింది అన్న ప్రశ్నకి జవాబు నాకు పదేళ్ళ తర్వాత దొరికింది. అది గేమ్ కోసం కట్టిన పాట కాదు, రష్యా జానపదం. నెక్రాసోవ్ అనే కవి 1861లో రాసిన కావ్యంలోంచి వచ్చిన మాటలు, పేరు కొరోబెయ్‌నికి, అంటే వీపున పెట్టె మోసుకుంటూ ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకునేవాళ్ళు. 1989లో గేమ్‌బాయ్ కోసం హిరోకాజు తనాకా దాన్ని ఆ బుల్లి చిప్‌లోకి దించాడు. పాట మొదలవడమే పెట్టె నిండా సరుకుంది, చీటీ గుడ్డలున్నాయి, జరీ బట్టలున్నాయి అని మొదలవుతుంది, ఆ తర్వాత ఓ పిల్లతో బేరం, సరసం. మా వీధిలో సైకిలు మీద చీరల మూట కట్టుకుని ఒకాయన వచ్చేవాడు, అరుగు మీద మూట విప్పాడంటే అత్తయ్యలూ పిన్నులూ మధ్యాన్నం అంతా బేరాలే. సరిగ్గా అలాంటాయన పాటన్నమాట మేం పాడింది. పైగా చూడండి, గేమేమో పెట్టెలో ముక్కలు సర్దడం, పాటేమో నిండిన పెట్టె గురించి! ఇది కావాలని కుదిర్చారో అలా కుదిరిందో గానీ నాకు మాత్రం భలే నచ్చింది. రష్యన్ గాయకబృందాలు దాన్ని నిండు గొంతుల్తో, మెల్లగా మొదలెట్టి ఊపందుకుంటూ పాడిన రికార్డింగులు ఉంటాయి, వినండి.

సరే, ఇంజనీరింగ్ హాస్టల్. ఒకడి కంప్యూటర్లో ఎమ్యులేటర్ ఉంది, అంటే పాత గేమ్ మెషిన్‌ని నకలు చేసే ప్రోగ్రాం, అందులో మారియో. పెట్టాడు. పాట మొదలైంది, నాకు గుండె దడదడలాడింది, ఎందుకంటే టైం వందలోపు పడినప్పటి స్పీడ్‌లో వస్తోంది! "ఒరే స్పీడ్ తగ్గించరా" అంటే వాడు "ఇదే నార్మల్ రా బాబూ" అన్నాడు. నమ్మలేదు నేను. తర్వాత ఎప్పుడో తెలిసింది కథ. అప్పట్లో జపాన్, అమెరికా టీవీల్లో సెకనుకి 60 సార్లు బొమ్మ మారేది, మన PAL పద్ధతి టీవీల్లో 50 సార్లు. గేమ్‌లో పాట ఆ బొమ్మతో పాటే అడుగేస్తుంది. అంటే అమెరికా పిల్లాడికి ఆరడుగులు పడే టైంలో మాకు ఐదే. శృతి ఇంచుమించు అదే, నడక మాత్రం నెమ్మది. ఇంకోటి కూడా ఉంది, మనకొచ్చిన నకిలీ మెషిన్లు చాలావాటిలో చిప్ తయారుచేసినవాళ్ళు రెండు శబ్దాల ఆకారాలు తారుమారు చేసేశారు, దాంతో గొంతే వేరు. కాబట్టి మా తరం మన ఊళ్ళల్లో విన్న మారియో ఒకటి, కోజి కొండో 1985లో కట్టిన మారియో ఇంకోటి. ఏమాటకామాటే, మాదే బాగుంటుంది, మా దాంట్లో మారియో షికారుకి వెళ్తున్నట్టు ఉంటుంది, వాళ్ళ దాంట్లో బస్సు తప్పిపోతున్నట్టు ఉంటుంది.

ఆ హాస్టల్లోనే ఫైనల్ ఫాంటసీ 6 కూడా ఆడాను, 1994ది. అందులో ఒపెరా సీను ఉంటుంది. కథలో సెలెస్ అనే అమ్మాయి ఇంకో గాయని బదులు స్టేజి ఎక్కి పాడాలి. పాట మాటలు మనం ముందే చదివి గుర్తుపెట్టుకోవాలి, స్టేజి మీద తర్వాతి లైను ఏదో మనమే ఎంచాలి, తప్పితే పరువు గోవిందా. ఆ గేమ్ మొదట వచ్చిన మెషిన్లో మొత్తం శబ్దాలకి కలిపి ఉన్న మెమరీ 64 కిలోబైట్లు. అందులో మనిషి పాట ఎక్కడ పడుతుంది? అందుకని పాట కట్టిన నొబువో ఉయెమత్సు గొంతులాంటి ఒక మోత పెట్టి దాన్నే స్వరాల మీద ఆడించాడు. మాటలేమో తెరమీద అక్షరాలుగా వస్తాయి, వినపడేదేమో ఆఁ... ఓఁ... అని, జలుబు చేసిన మనిషి మైకులో మూలిగినట్టు. రాత్రి రెండింటికి, పక్క మంచమ్మీద ఒకడు గురకపెడుతుంటే, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నేను ఆ మాటల్ని ఆ మూలుగుతో కలిపి లోపల్లోపల పాడుకున్నాను. అదే ఏడాది జపాన్లో వచ్చిన గ్రాండ్ ఫినాలె అనే ఆల్బంలో అదే పాటని నిజం గాయని ఇటాలియన్‌లో పాడింది, చాలా ఏళ్ళకి విన్నాను. బ్రహ్మాండంగా పాడింది, కాదనను. కానీ నాకు ఆ జలుబు గొంతే ఇష్టం, ఏంచేస్తాం, అందులో సగం నేను పాడాను కదా.

2007లో ఎమ్మెస్‌కి అమెరికా వచ్చాను, ఒకే ఇంట్లో ఐదుగురం, వంట టర్నులు, హాల్లో నేలమీద పరుపు. వరంగల్ నుంచి వచ్చిన రూమ్మేట్ ఒకడు సివిలైజేషన్ 4 ఆడేవాడు, ఆడుతుంటే తిండీ నిద్రా ఉండేది కాదు. దాని మెనూలో ఒక పాట వస్తుంది, బాబా యేతు అని. మొదటిసారి విన్నప్పుడు నేను వంటింట్లో ఉల్లిపాయలు కోస్తున్నాను. హాల్లోంచి బాబా, బాబా అని బృందగానం. అరే వీడు గురువారం అని సాయిబాబా భజన పెట్టాడే, ఇంత భక్తి ఎప్పట్నించబ్బా అనుకుని దణ్ణం పెట్టుకున్నా, నిజంగా, చేతిలో కత్తితోనే. తర్వాత చూస్తే వాడు తెరమీద భూగోళం తిరుగుతుంటే గుడ్లప్పగించి కూర్చున్నాడు. స్వాహిలి భాష అట, బాబా యేతు అంటే మా తండ్రీ అని, క్రైస్తవుల పరలోక ప్రార్థనే. అప్పట్నించీ మా ఇంట్లో గురువారం సాయంత్రం అది మోగాల్సిందే, నలుగురం హిందువులం ఒక ముస్లిం, అందరికీ కంఠతా వచ్చేసింది, అర్థం ఒక్క ముక్క తెలీకుండా.

ఆ పాట ఎలా పుట్టిందో తెలిశాక ఇంకా నచ్చింది. కట్టినాయన క్రిస్టఫర్ టిన్, గేమ్ తయారుచేసిన సోరెన్ జాన్సన్ స్టాన్‌ఫర్డ్‌లో ఆయన రూమ్మేట్. కాలేజీ వాళ్ళందరూ మళ్ళీ కలిసిన చోట మాటల్లో పడి, నా గేమ్‌కి పాట కట్టరా అని అడిగాడట. గేమ్‌లో పాడింది కూడా అదే యూనివర్సిటీ విద్యార్థుల బృందం, టాలిస్మన్ అని. 2005లో గేమ్ వచ్చింది, తర్వాత ఆయన ఆల్బంలో సొవెటో గాస్పెల్ కాయిర్‌తో మళ్ళీ పాడించాడు, 2011లో గ్రామీ వచ్చింది, గేమ్ కోసం పుట్టిన పాటకి గ్రామీ రావడం అదే మొదటిసారి. ఆ వార్త చూసి మా వరంగల్ వాడు డాలస్ నుంచి ఫోన్ చేసి "మన భజనకి గ్రామీ వచ్చిందిరోయ్" అన్నాడు. చూడండి వాళ్ళ రూమ్మేట్లకీ మన రూమ్మేట్లకీ తేడా, మనోళ్ళు మహా అయితే పప్పు బాగా చేస్తారు.

ఆ రోజుల్లోనే జపాన్ వాళ్ళది ఒకటి ఇంటర్నెట్‌లో తిరిగేది, మెగామ్యాన్ 2 అనే గేమ్‌లో డాక్టర్ వైలీ కోట దగ్గర వచ్చే పాటకి ఎవరో మాటలు రాసి అరుస్తూ పాడింది. భాష తెలీకుండానే వందసార్లు విని ఉంటాను, గుండెలు పగిలేలా పాడతాడు. ల్యాబ్‌లో జపాన్ అబ్బాయిని అడిగితే నవ్వి చెప్పాడు, చిన్నప్పుడు అల్ట్రామ్యాన్ అనే టీవీ హీరో వేషాలేసుకుని ఆడుకున్న స్నేహితుల గురించట. ఆ వైలీ కోటకీ ఈ మాటలకీ ఏ సంబంధమూ లేదు. మారియోకీ కరెంటు కోతకీ మాత్రం ఉందా ఏంటి.

ఇంక 2013. యూట్యూబ్‌లో స్మూత్ మెక్‌గ్రూవ్ అనే ఆయన తగిలాడు. గడ్డం, పొడుగు జుట్టు, తెరంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది, అన్ని గళ్ళల్లోనూ ఆయనే, ఒక్కో గడిలో ఒక్కో ముక్క పాడతాడు. వాయిద్యం ఒక్కటి లేదు, మాటలూ లేవు, డూ డా బా అనే. డ్రమ్ములూ నోటితోనే. అప్పుడప్పుడూ పిల్లి కూడా వస్తుంది. నేను మొదట చూసింది స్ట్రీట్ ఫైటర్ 2 గేమ్‌లో గైల్ అనే ఫైటర్ పాట. చూస్తూ చూస్తూ ఒకచోట ఆపేసి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశాను. పైన పాట పాడే గడి కాదు, కింద డుగ్ డుగ్ గడి కాదు, మధ్యలో ఒక గడి ఉంది. వాడు వేరే ఏదో పాడుతున్నాడు. ఇన్నేళ్ళూ ఆ పాట నాకు కంఠతా వచ్చు అనుకున్నాను, ఆ మధ్య గొంతు ఒకటుందనే నాకు తెలీదు.

తర్వాత కూర్చుని చదివితే బోధపడింది. మారియో మెషిన్లో శబ్దానికి ఐదు చానెళ్ళు. రెండు ఒకేలాంటివి, సన్నాయిలా పలుకుతాయి, ఒకటి పాట, రెండోది దానికి తోడు. మూడోది కింద మంద్రంలో, అదే మా తమ్ముడు. నాలుగోది ఇసక జల్లినట్టు చిస్ చిస్ అనేది, తాళం. ఐదోది ముందే రికార్డు చేసిన శబ్దాలకి, మొదటి మారియోలో దాన్ని వాడలేదు. అసలు సంగతేంటంటే, ఒక్కో చానెల్ ఒకసారికి ఒక్క స్వరమే పలకగలదు. మన గొంతులాగే. హార్మోనియంలాగా నాలుగు మెట్లు ఒకేసారి నొక్కడం దానికి రాదు. అంటే కొండో ఆ పాట కడుతున్నప్పుడు ఆయన చేతిలో ఉన్నది నలుగురు మనుషులున్న చిన్న భజన బృందమే, ఆయనకి తెలిసినా తెలీకపోయినా. అందుకే ఈ పాత గేముల పాటలు నోటికి అంత ఇదిగా అతుక్కుపోతాయి. కొత్త గేముల్లో వంద వాయిద్యాల ఆర్కెస్ట్రాలు పెడుతున్నారు, అద్భుతంగా ఉంటాయి, బాత్రూంలో ఒక్కటీ గుర్తురాదు.

ఇంకోటి చదివి అయితే నవ్వాగలేదు. మెషిన్‌కి ఉన్నవి ఆ నాలుగు గొంతులే కదా, మరి మారియో ఎగిరినప్పుడు, కాయిన్ కొట్టినప్పుడు వచ్చే శబ్దాలు ఎవరు చెయ్యాలి? పాడేవాళ్ళలోనే ఒకరు పాట ఆపేసి ఆ శబ్దం చేసి మళ్ళీ వచ్చి కలవాలి. అంతే. జపాన్‌లో మహామహా ఇంజనీర్లు చేసిన ఏర్పాటు అదీ. చాపమీద ఏడేళ్ళ వెధవ చేసిందీ అదే, వాడికి పడింది వీపు మీద.

2023 ఏప్రిల్లో వార్త చూశాను, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు దాచిపెట్టే రికార్డింగుల జాబితాలో మారియో పాట చేరింది, గేముల పాటల్లో మొదటిది. తమ్ముడికి వాట్సాప్‌లో పంపాను. వాడు హైదరాబాద్‌లో ఉంటాడు, ఇద్దరు పిల్లలు, ఈఎంఐలు, మాకు మాటలు తక్కువే ఈమధ్య, పండగలకి ఫోన్లు. ఐదు నిమిషాల్లో జవాబు: "మన లిరిక్స్ కూడా చేర్చారా అన్నయ్యా?"

దాంతో రికార్డ్ చేద్దాం అని పట్టుబట్టాను. పాట నేను, డుగ్ డుగ్ వాడు, మధ్య గొంతు కూడా నేనే. ఆ మధ్య గొంతు ఉంది చూశారూ, ప్రాణం తీసింది. మనం పుట్టింది పెరిగింది ఒక పాట, ఒక శృతి, ఒక తాళం మధ్య కదా, పక్కన పాట వినపడుతుంటే దాన్ని వదిలేసి ఇంకో దారిన నడవడం నా గొంతుకి చేతకాలేదు, రెండు స్వరాలు పాడి మూడోదానికి వెళ్ళి పాటలో పడిపోయేవాణ్ణి, ఏదో పెళ్ళిలో దారి తప్పి వేరే బంతిలో కూర్చున్నట్టు. ఓ ముప్పై సార్లు పాడుంటాను. మా ఆవిడ తలుపు తీసి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ వేసేసింది.

తమ్ముడు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారులో కూర్చుని, అద్దాలెక్కించుకుని, ఏసీ ఆపేసి రికార్డ్ చేశాడట, చెమటలు కారిపోయాయి అని రాశాడు. వాడి ఫైలు నా దాని పక్కన పెట్టి ప్లే చేశాను. ఇరవై సెకన్లకే ఎక్కడి వాడక్కడే, నేను ముందెక్కడో ఉన్నాను, వాడు వెనక నింపాదిగా వస్తున్నాడు. నేను ఎమ్యులేటర్లో విన్న స్పీడ్‌లో పాడాను. వాడు ఆ తర్వాత ఎప్పుడూ ఏ ఎమ్యులేటరూ చూసినవాడు కాదు, వాడికి తెలిసింది ఒక్క మారియోనే, తణుకుది. కంప్యూటర్లో నాది సాగదీస్తే సరిపోయేది గానీ మనసొప్పలేదు, చెవిలో వాడి డుగ్ డుగ్ పెట్టుకుని మొత్తం మళ్ళీ నెమ్మదిగా పాడాను. ఈసారి మధ్య గొంతు కూడా రెండోసారికే వచ్చేసింది, ఎందుకో మరి.

అన్నీ కలిపి రాత్రి పన్నెండింటికి హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. కరెంటు పోయెరా ఛీ దగ్గర ఇద్దరి ఛీ ఒకేసారి పడింది, బాగా పడింది. కాస్త ముందుకెళ్ళాక ఒకచోట కింద డుగ్ డుగ్ ఠక్కున మాయమైంది. వాట్సాప్‌లో ఫైలు తెగిందేమో అనుకుని, వెనక్కి తిప్పి, మిగతావి మ్యూట్ చేసి, సౌండ్ మొత్తం పెంచి వాడి ట్రాక్ ఒక్కటే పెట్టాను. ముందు ఎక్కడో సెల్లార్‌లో బండి రివర్స్ తీస్తున్న చప్పుడు. తర్వాత, మైకుకి కాస్త దూరంగా జరిగి, గొంతు తగ్గించి,

"ట్లింగ్."